తిరగేసిన వంటగట్టు

నలుగురూ ఒక్క ఊపున ఎత్తి తిప్పారు. కాంక్రీటు గట్టు వెల్లకిలా పడింది. ఎక్కడా బీట లేదు, బుడగ లేదు.

కానీ దాన్ని సొంతంగా పోసిన ఇంటాయన చూపు ఒకచోట ఆగిపోయింది. సింకు కోసం వదిలిన ఖాళీ కుడివైపుంది.

అది ఎడమవైపు ఉండాలి. ఇల్లు కట్టిన నాటి నుంచీ వాళ్ల వంటింట్లో సింకు ఎడమ గోడను ఆనుకునే ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసే తప్పే ఇది. ఈ గట్టును తలకిందులుగా పోస్తారు. అచ్చు అడుగున ఉన్న నున్నటి ముఖం రేపు పైకొస్తుంది. కాబట్టి అచ్చులో ప్రతిదీ అటుది ఇటు పెట్టుకోవాలి. పది వీడియోలు చూశాడు మహానుభావుడు. పదింటిలోనూ ఈ ముక్క విన్నాడు. తీరా పోసే రోజున, సింకు ఖాళీ కోసం అచ్చులో అంటించే ఫోమ్ ముక్క చేత్తో పట్టుకుని "ఇటేనా?" అని భార్యనడిగాడు. "ఇటే" అందావిడ. అంటించేశాడు.

పోనీ గట్టునే అటు తిప్పి పెడదామా అంటే, కుళాయి బెజ్జం ముందుకొచ్చి కూర్చుంటుంది.

మళ్లీ పోస్తే ఆరడానికి వారం. అమ్మ వచ్చేది ఇవాళ పదకొండింటికి.

పాత బండ పగిలిపోయి మార్చక తప్పలేదు. పదిరోజులకని చెల్లెలింటికి వెళ్తూ అమ్మ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "గట్టు మారిస్తే మార్చుకోండి. నా వంటింట్లో ఏదీ అంగుళం జరక్కూడదు. జరిగిందో, వచ్చిన కాళ్లతోనే వెనక్కి పోతా. మళ్లీ కాళ్లు పట్టుకున్నా రాను."

అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. ఒక్క మాట తూలాడని సొంత తమ్ముడితో పదకొండేళ్లు మాట్లాడలేదు. ఇక వంటిల్లంటే ఆవిడ రాజ్యం. అంట్లు తోమేటప్పుడు చీమ కూడా లోపలికి తొంగిచూడకూడదు. ఆ ఇరుకు మూలలో గోడ తగిలి తగిలి మోచేయి నల్లగా కాయకాసింది. పనిమనిషిని పెడదామంటే, "నా మోచేయి, నా గోడ, మధ్యలో మీకేంట్రా?" అంది.

"అన్నయ్యా, ఆ చేత్తోనే లోపల కూడా పెట్టేయండి," అంది భార్య, సాయం వచ్చిన పక్కింటివాళ్లతో.

అతను నోరు తెరిచేలోపే వాళ్లు గట్టెత్తారు. అతనూ ఒక మూల పట్టాడు. లోపల ఇనుప కాళ్ల మీద దించారు. అతను కిందికి వంగి చూశాడు.

నీళ్లు పోయే పైపు కుడివైపుంది. గోడకు కొత్త సిమెంటు మాటు కూడా పడింది.

పక్కింటివాళ్లు వెళ్లేదాకా ఆగి భార్యనడిగాడు. "ఈ పైపు ఎవరు మార్చారు?"

"నేనే. మొన్న మీరు ఆఫీసుకెళ్లాక ప్లంబర్ని పిలిపించా. సింకు బిగించడానికి ఇప్పుడొస్తాడు."

"అంటే... తెలిసే చేశావా?"

"తెలిసే."

"అమ్మ ఏమందో నువ్వూ విన్నావు కదా! ఎందుకు చేశావే?"

"అది నేను చెప్పే మాట కాదండీ," అని ఆవిడ చీపురందుకుంది.

అతనికి పోయిన నెల జరిగింది గుర్తొచ్చింది. అమ్మ అంట్లు తోముతుంటే భార్య చప్పుడు చేయకుండా లోపలికెళ్లింది. అమ్మ ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. భార్య మారుమాట్లాడకుండా బయటికొచ్చి, ఆ రోజంతా ఏదో ఆలోచిస్తూనే ఉంది. పగ పెంచుకుందన్నమాట! అమ్మను సాగనంపడానికి అతని చేతులతోనే గట్టు పోయించింది. ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి, ఇంత గుండెలు తీసిన బంటు అనుకోలేదు.

ప్లంబరు వచ్చాడు. సింకు దింపాడు, కుళాయి బిగించాడు, వెళ్లాడు. పదకొండు కాకముందే వీధిలో బండి ఆగింది.

నలభై దాటిన అతని చేయి తనంతట తనే కుడిచెవి మీదికి వెళ్లింది. చిన్నప్పుడు కోపమొస్తే ఎదురుగా నిలబెట్టి అమ్మ మెలిపెట్టేది ఆ చెవినే.

అమ్మ సంచీ దించకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఆగింది. సింకు కేసి చూసింది. ఖాళీ అయిన ఎడమ మూలకేసి చూసింది.

"అమ్మా, తప్పు నాదే," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా. "కొత్త కదా, తిరగేసి పోశాను. దానికేం తెలీదు. నువ్వు మాత్రం వెళ్లకు."

"నోర్ముయ్. ఇద్దరూ బయటికి నడవండి."

తలుపు మూసుకుంది.

లోపల కుళాయి విప్పిన చప్పుడు. గిన్నెలు తోముతున్న చప్పుడు. అతను తలుపుకు చెవి ఆనించాడు. తనవంటూ ఉన్న గిన్నెలన్నీ కడిగి సర్దుకుంటోంది, ఇంకేముంది! పుట్టి బుద్ధెరిగాక అమ్మ లేని ఇంట్లో ఉండలేదు అతను. భార్య కేసి చూశాడు. ఆవిడ గోడకానుకుని, కొంగు నలుపుతూ నిలబడి ఉంది. ఆవిడ ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు.

చాలాసేపటికి చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది.

అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడుకు వైపు చూడనైనా చూడలేదు. సబ్బు నురగ కూడా తుడుచుకోకుండా వచ్చి, కోడలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"కన్నకొడుక్కి కూడా తెలియకుండా ఇన్నేళ్లు దాచుకున్నాను కదే, నాది ఎడమచేతివాటమని ఎప్పుడు కనిపెట్టావు?"