ఈ పూట దాటితే

బావమరిది ఆసుపత్రికి జీపు తీయకపోవడం వల్లే తన భార్య పోయింది. అందులో పెద్దాయనకు రెండో మాట లేదు.

ఇప్పుడా బావమరిదే పాలమేకను తాడుతో పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. మేక తోకాడిస్తూ ఒకటే అరుపు. లోపల పెద్దాయన మేకపోతు దడిని కుమ్ముతోంది.

"ఇన్నాళ్ళకు దారి తెలిసిందే!"

"నిన్నటి నుంచి ఎదలో ఉంది బావా. పోతును వదులు."

"రేపు చూద్దాం."

"రేపటికి చల్లారిపోదూ! మళ్ళీ మూడు వారాలాగాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇదీ తప్పితే ఈ ఏడు నా ఇంట్లో పాలుండవు."

పెద్దాయన మేక నడుము మీద చెయ్యి వేసి నొక్కాడు. అది కదలకుండా నిలబడింది. ఇంతకు మించిన అదను ఉండదు.

"ఇలా నొక్కి చూడటం మీ అక్కే నేర్పింది. నిలబడిందంటే ఈ పూటే, దాటితే లేదనేది."

"మరి అక్క మాటైనా విను బావా!"

"ఆ రోజు నొప్పితో మెలికలు తిరుగుతూ తన గురించీ అదే అంది. ఈ పూట దాటితే బతకనని, జీపు తెమ్మని నీకు కబురంపింది. నువ్వేమన్నావు?"

బావమరిది మేక తాడును దగ్గరకు లాక్కున్నాడు.

"రేపు... చూద్దామన్నాను."

పెద్దాయన వాళ్ళను బయటే ఉంచి గేటుకు గడియ పెట్టాడు. ఆ జీపు సంగతి మళ్ళీ బతికున్నన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.