కౌజు పలికేదాకా

పొద్దు పొడిచే వేళ ఊళ్ళో ఎవరూ చప్పుడు చేయరు. సర్కారు వాళ్ళు ప్రతి గుట్ట మీదా కూతలు వినే యంత్రాన్ని, ఒక చెవిని, బిగించినప్పటి నుంచీ అదే అలవాటు. మిక్సీలు తిరగవు, కోడిపుంజుల్ని గంపల కింద మూస్తారు. గుట్ట మీద కౌజు పిట్ట కూస్తే చెవికున్న ఎర్రదీపం పచ్చబడుతుంది.

బోడిగా మిగిలిన గుట్టకు ఆడవాళ్ళ సంఘమే మళ్ళీ ప్రాణం పోసింది. కానీ ఈ పొద్దు కూడా పిట్ట పలకకపోతే గుట్ట చచ్చినట్టే లెక్క. సర్కారు వాళ్ళు సంఘానికి నీళ్ళూ విత్తనాలూ ఆపేసి గుట్ట చుట్టూ కంచె వేసేస్తారు.

సంఘం పెద్ద సుంకులమ్మ, బిడ్డ ఏడవకుండా రొమ్ముకు అదుముకుని దీపం వైపే చూస్తోంది. ఎండ అరుగెక్కింది. ఇక ఆగలేక అత్త ఓబులమ్మ వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు పిలువు. నీ కూతకీ పిట్ట కూతకీ తేడా ఎవురికి తెలుస్తాది?"

ఓబులమ్మ ఒకప్పుడు కౌజుల్ని నోటి కూతతోనే వలలోకి రప్పించిన మనిషి.

"అది మానేసి శానా కాలమాయ గదమే."

"గుట్ట పోతాదత్తా!"

ముసలామె అరచేతులు దొప్పలా నోటికి పట్టి కూసింది. అచ్చం కౌజే. దీపం మాత్రం ఎర్రగానే ఉంది. మనిషి గొంతని చెవి పసిగట్టేసింది.

అంతలో పైన తంగేడు పొదల్లోంచి బదులు కూత వచ్చింది. దీపం పచ్చబడింది.

ఆడవాళ్ళు కేకలు పెడుతూ గంపలెత్తారు. ఓబులమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది.

"ఏందత్తా, ఏమాయ?"

"నేను పిలిస్తే పలికిన పిట్టల్లో బతికి మిగిలింది ఇదొక్కటేనమే."