మొరాయించిన జిరాక్సు మిషను

"ఇంకెంతసేపయ్యా?" మూడోసారి అడిగాడు దర్జీ.

"మిషను వేడెక్కాలి బాబాయ్. ఇది వేడెక్కేలోపు రాయి కూడా ఉడుకుతుంది," అన్నాడు జిరాక్సు కొట్టు మనిషి. టోపీ కనుబొమల మీదికి లాక్కుని, తలెత్తకుండా.

దర్జీ గోడ గడియారం చూశాడు. నాలుగున్నర.

ఐదింటికి కాలేజీ కౌంటరు మూసేస్తారు. కూతురు మందుల తయారీ కోర్సులో చేరాలంటే ఇవాళే ఆఖరు.

కాలేజీ ఎదురుగానే ఉంది. అద్దాల మేడ. దాని ముందునుంచి పోయే కాకులు కూడా ఒక్క క్షణం ఆగి, ముక్కు తుడుచుకుని మరీ పోయేవట. నమ్మకపోతే కాకుల్నే అడగండి.

గేటు మీద ఎండకి వెలిసిన ఫ్లెక్సీ. అందులో ఓ సన్నటి కుర్రాడు నవ్వుతున్నాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది, చిన్నప్పటి దెబ్బ కాబోలు. కింద పీటలంత అక్షరాలు: 'ఫస్టు ర్యాంకు మాదే!'

"నాన్నా, మా సైన్సు టీచరు ఊరి చివర ఆ పెంకుల కప్పు కాలేజీయే మంచిదన్నారు," గొణిగింది కూతురు. "అక్కడ ల్యాబు ఉందట."

"వానొస్తే అక్కడ గొడుగేసుకుని పాఠం వినాలి. ఈ మేడ చూడవే!"

కొట్టు మనిషి మిషను మూత తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"కాగితం ఇరుక్కుంది బాబాయ్."

"నా ప్రాణం ఇరుక్కుంది ఇక్కడ!"

"మెడలో టేపుంది, దర్జీవి కదా? చొక్కా కొనేముందు లోపలికి తిప్పి కుట్టు చూస్తావా, చూడవా?"

"చూడకుండా ఎవడు కొంటాడు?"

"మరి ఆ మేడనీ ఒకసారి తిప్పి చూడు. ల్యాబు చూపించమను. తాళానికి ఎంత తుప్పుందో చూసిరా. ఈలోపు నీ కాగితాలు నేను తీసి ఉంచుతా."

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"జిరాక్సులు తీసుకునేవాడివి, కాలేజీల సంగతి నీకేం తెలుసయ్యా? అదిగో, ఆ ఫ్లెక్సీలో కుర్రాణ్ణి చూడు. ఆ అబ్బాయి కంటే నీకెక్కువ తెలుసా?"

కొట్టు మనిషి అటు చూడలేదు.

"ఆ కుర్రాడి మాట ఎత్తకు బాబాయ్," అన్నాడు మెల్లగా.

"ఓర్వలేనితనం! పదవే!"

దర్జీ సర్టిఫికెట్లు లాక్కుని పక్క వీధిలో ఇంకో జిరాక్సు కొట్టుకి పరిగెత్తాడు. ఐదుకి రెండు నిమిషాలుందనగా, మూసుకుంటున్న కౌంటరు కిటికీలో చెయ్యి పెట్టాడు. వేళ్లు నలిగాయి గానీ సీటు దొరికింది.

ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి ఏడు ల్యాబుకి సామాను వస్తోందన్నారు. రెండో ఏడు దారిలో ఉందన్నారు. మూడో ఏడు పిల్లలు అడగడం మానేశారు.

ప్రయోగాల రికార్డు సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించారు. ఆ సీనియర్లు వాళ్ల సీనియర్లది చూసి ఎక్కించారు. ఆ ప్రయోగాలు మొట్టమొదట చేసిన మహానుభావుడు ఎవరో, అసలు చేశాడో లేదో, పైవాడికే ఎరుక.

మార్కులు మాత్రం వందకి వంద. దర్జీ కూతురు కాలేజీ ఫస్టు.

మొదటి ఇంటర్వ్యూ నుంచి వచ్చి, తండ్రి కుట్టుమిషను పక్కన చతికిలబడింది.

"ఏమైందే?"

"రెండు గ్రాముల పొడి తూచమన్నారు నాన్నా. త్రాసు ముట్టుకోవడమే రాలేదు. ఫస్టు వచ్చావు కదమ్మా అని నలుగురూ నవ్వారు."

రెండో కంపెనీ. మూడోది. నాలుగోది.

ఐదోదాని నుంచి వచ్చింది. కంచం ముందు కూర్చుని అరచేతులు చూసుకుంది.

"ఈ చేతులకి ఏమీ రాదు నాన్నా. మళ్లీ మొదట్నుంచి నేర్పేవాళ్లు ఎక్కడుంటారు?"

ఆ పూట దర్జీ ఎవరిదో కొత్త చొక్కా గుడ్డ అడ్డంగా కత్తిరించేశాడు. ముప్పై ఏళ్లలో అదే మొదలు.

చివరి సర్టిఫికెట్టు తీసుకోవడానికి ఇద్దరూ కాలేజీకి వెళ్లిన రోజు జడివాన.

గేటు మీద కొత్త ఫ్లెక్సీ వేలాడుతోంది. 'ఫస్టు ర్యాంకు మాదే!' పైన నవ్వుతున్నది దర్జీ కూతురు.

ఆ పిల్ల చున్నీతో ముఖం కప్పుకుని ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులోకి దూరింది. వెనకే దర్జీ.

కొట్టు కప్పు ధారగా కారుతోంది. మిషను తడవకుండా, గేటు మీంచి దించేసిన పాత ఫ్లెక్సీని పందిరిలా కట్టుకున్నాడు కొట్టు మనిషి. టోపీ లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎన్ని కాపీలు బాబాయ్?" అన్నాడు. గుర్తుపట్టినట్టే ఉన్నాడు. దెప్పలేదు.

పది కాగితాలు గడగడా, నిమిషంలో వచ్చేశాయి.

"అన్నా," అంది కూతురు. "ఆ రోజు ఈ మిషను నిజంగా చెడిపోయిందా?"

"ఇదా? ఇది మొరాయించేది ఏడాదికి ఒక్కసారేనమ్మా. ఎదురుగా చేరికల ఆఖరి రోజు, ఐదింటిదాకా."

దర్జీ బల్ల మీద చరిచాడు.

"సూటిగా చెప్పి ఏడవచ్చు కదయ్యా! మెడ పట్టుకుని చెప్పొచ్చు కదా!"

"మొదట్లో చెప్పేవాణ్ణి బాబాయ్. చెప్పినప్పుడల్లా అందరూ ఆ ఫ్లెక్సీలో కుర్రాణ్ణే చూపించేవాళ్లు."

అంటూ తడిసి బరువెక్కిన టోపీ తీసి పిండుకున్నాడు.

నెత్తిమీద ఫ్లెక్సీలో నవ్వుతున్న ఫస్టు ర్యాంకు కుర్రాడికి లాగే, ఆ మనిషి ఎడమ కనుబొమ కూడా సరిగ్గా మధ్యలో తెగి ఉంది.