పన్నెండు గంటల సైరన్

“మీ కయోటీల బొరియ ఎక్కడుందో చూపించు పెద్దాయనా. గంటలో పని ముగించుకుని పోతాను” అన్నాడు వేటగాడు, ట్రక్కు దిగుతూనే.

ఆల్డెన్ రాస్మసెన్ చంకలోని గొర్రెపిల్లను నెమ్మదిగా కిందికి దించాడు. వయోమింగ్‌లోని ఆ లోయలో పుట్టినవాళ్ళెవరూ ఆ పేరును ‘క-యో-టీ’ అని మూడు ముక్కలుగా పలకరు. నక్క కంటే పెద్దగా, తోడేలు కంటే చిన్నగా ఉండే ఆ జంతువు అక్కడివాళ్ళకు రెండు ముక్కల ‘కయోట్’. మంద కాసే మెక్సికో మనిషి యుసేబియోకి అది ‘కొయోతె’. ‘కయోటీ’ అన్నాడంటే పట్నంనుంచి దిగినవాడే.

“కయోటీలను నా పొలంలో ఎప్పుడూ చూడలేదు బాబూ. మా దగ్గరున్నవి కయోట్లు” అన్నాడు ఆల్డెన్.

వెనక యుసేబియో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వేటగాడు కూడా నవ్వాడు. ఎలా పిలిచినా తోలు ఒకటేనన్నాడు.

చెప్పింది అబద్ధం కాదు. అయినా పూర్తి నిజమూ కాదు. పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసుకున్న మనిషికి అది లోపల గుచ్చుకుంది.

ఆల్డెన్ పొలంలో రాళ్ళవాగు దగ్గర ఒక కయోట్ల జంట ఉంది. నాలుగేళ్ళుగా అవి ఒక్క గొర్రెపిల్లను ముట్టలేదు. బయటి కయోట్లను వాగు దాటి రానివ్వలేదు. అంతకుముందున్న జంటను ఎవరో కాల్చేసిన ఏడాది, ఆ ఖాళీలోకి కొత్తవి చొరబడి ముప్పై ఒక్క గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. ఇదంతా అతను గొర్రెల పెంపకందార్ల సమావేశంలో చెప్పాడు. వాటికి బాప్తిస్మం కూడా ఇప్పించావా అని పక్క పొలం డ్వేన్ హాక్‌మన్ అడిగితే అందరూ పగలబడి నవ్వారు. లోయలో కనిపించిన ప్రతి కయోట్‌నూ చంపించాలని తీర్మానించారు. వద్దని చెయ్యెత్తింది ఆల్డెన్ ఒక్కడే. ఈ వేటగాణ్ణి పిలిపించింది డ్వేనే.

వేటగాడికి ఉన్నది ఈ శనివారం ఒక్కటే. రేపు ఈస్టర్. ఎల్లుండి నుంచి వేసవి దాకా వేరే చోట పని ఒప్పుకున్నాడు.

“నువ్వు చూపించకపోయినా నష్టం లేదు. పన్నెండింటికి అవే చెబుతాయి నాకు” అన్నాడు వేటగాడు గడియారం చూసుకుంటూ.

ఊళ్ళో అగ్నిమాపక కేంద్రం సైరన్ రోజూ మధ్యాహ్నం పన్నెండుకు మోగుతుంది. అది మోగినప్పుడల్లా కయోట్లు ఉన్నచోటి నుంచే ఊళలు పెట్టి బదులిస్తాయి. లోయలో పసిపిల్లలు కూడా గడపలో నిలబడి వాటితో గొంతు కలుపుతారు.

ఆల్డెన్ గబగబా వంటింట్లోకి వెళ్ళి భార్య వెల్డాకు సంగతి చెప్పాడు. ఈ ఒక్కరోజు సైరన్ మోగించవద్దని అడిగితే ఎలా ఉంటుందన్నాడు.

“ఆ సమయానికే ఎవరి కొట్టమో అంటుకుంటే?” అంది వెల్డా.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నువ్వు ప్రార్థన చేసుకో ఆల్డెన్. నేను చర్చి పాటలవాళ్ళకి ఫోన్లు చెయ్యాలి.”

“సాధన మొన్ననే అయిపోయిందన్నావుగా?”

“రేపు ఈస్టర్. మావాళ్ళకి పైస్థాయి ఇంకా అందడంలేదు” అంటూ ఫోన్ అందుకుంది. పావుగంట తర్వాత కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా వేటగాడు గుట్ట ఎక్కి లోయ పటం పరిచాడు, చేతిలో పెన్సిల్‌తో. ఆల్డెన్ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. ఏమని అడగాలో తోచలేదు. గొర్రెలు కాసేవాడు గొర్రెల్ని తినే జంతువు ప్రాణం కోసం దేవుణ్ణి అడగవచ్చా? వాటిని చేసినవాడూ ఆయనేగా అనుకుని, కళ్ళు మూసుకున్నాడు.

సైరన్ మోగింది.

మొదటి ఊళ రాళ్ళవాగు నుంచి రాలేదు. డ్వేన్ హాక్‌మన్ గడ్డివాముల వెనకనుంచి వచ్చింది. వేటగాడు అటు తిరిగి సున్నా చుట్టాడు. అంతలో ఏటి మలుపు దగ్గర ఇంకొకటి. దక్షిణపు కంచె దగ్గర రెండు. తూర్పున, పడమట, పాత బడి వెనక, ఒకదాన్ని మించి ఒకటి ఎత్తుకున్నాయి. రాళ్ళవాగు జంట కూడా గొంతు విప్పింది గానీ ఆ హోరులో కలిసిపోయింది. పటం నిండా సున్నాలే.

“ఇన్నా?” అన్నాడు వేటగాడు. తుపాకి భుజాన వేసుకుని ముందుగా హాక్‌మన్ పొలానికి పరుగెత్తాడు.

నాలుగింటికి తిరిగొచ్చాడు. మోకాళ్ళదాకా బురద. వెళ్ళిన ప్రతిచోటా గడ్డి తప్ప ఏమీ కనపడలేదట. తను అక్కడికి చేరేలోపే మాయమైపోతున్నాయట.

“ఇది ఒక్క మనిషితో, ఒక్కరోజుతో తేలే పని కాదు. మీ తిప్పలేవో మీరే పడండి” అంటూ ట్రక్కు ఎక్కాడు. తలుపు వేసుకుంటూ, “మీ కయోట్లు మామూలువి కావు పెద్దాయనా” అన్నాడు. ఈసారి రెండు ముక్కలుగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఆల్డెన్ వాగుదాకా నడిచి వెళ్ళాడు. జంట రెండూ ఎండపొడలో పడుకుని ఉన్నాయి. ఇంటికొచ్చి, దేవుడు లోయ నలుమూలలనుంచీ జవాబిచ్చాడని వెల్డాకు చెప్పాడు. ఆమె తలూపి, వేడి టీలో తేనె కలుపుకుంది.

ఈస్టర్ ఉదయం చర్చిలో కాలు పెట్టే చోటు లేదు. ఆల్డెన్ రెండో వరుసలో, డ్వేన్ పక్కనే, తల ఎత్తుకుని కూర్చున్నాడు. పాస్టరు గారు పునరుత్థానపు పాట ఎత్తుకోమన్నారు. ఆర్గన్ మోగింది. తెల్లని అంగీల్లో పన్నెండుమంది ఆడవాళ్ళూ లేచి నిలబడి నోళ్ళు తెరిచారు.

వెల్డా మొదలుకొని డ్వేన్ భార్య దాకా, నిన్న మధ్యాహ్నం నుంచి బొంగురుపోయిన గొంతుల్లో ఒక్కటీ పెగల్లేదు.