తెరుచుకోని ఫిర్యాదు

దసరా సెలవులు అయిపోయాయి. కాత్యాయని షాపు తెరిచింది. కంప్యూటరే తెరుచుకోలేదు.

మబ్బుల మధ్య విండోస్ బొమ్మ వచ్చింది. వెంటనే తెరంతా నీలం. తెల్లటి అక్షరాల్లో ఏదో తప్పు జరిగిందని నాలుగు వరసల ఇంగ్లీషు.

ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ నీలమే.

మడివాళ మార్కెట్ వెనక సందులో ఒకటే గది, ఒకటే కంప్యూటరు. టైపింగు, జెరాక్సు ఆమె బతుకు. కానీ ఇవాళ ఆమెకు కావలసింది గిరాకీ కాదు. అందులో ఉన్న ఫిర్యాదు.

ఎదురుగా కొత్తగా ఇంటర్నెట్ సెంటరు పెట్టారు. కరెంటు పోతే చాలు, వాళ్ళ డీజిల్ జనరేటరు మొదలు. పొగంతా కాత్యాయని పక్క గదిలో పూలు కట్టుకునే గౌరమ్మ కిటికీలోకే. గౌరమ్మకు ఆయాసం. ఇప్పటికే రెండుసార్లు ఆస్పత్రిలో పడింది.

సెంటరు ఓనరు వీరభద్రం అనేవాడు ఊరికి ఆ చివర కాడుగోడిలో ఉంటాడట. ఈ సందులో ఎవరూ అతని మొహం చూడలేదు. పనివాళ్ళకు చెబితే నవ్వారు. గిరాకీ పోయిందని కాత్యాయనికి కడుపుమంట అన్నారు.

ఆమె వదల్లేదు. కార్పొరేషన్ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ విచారణ వేయించింది. ఇవాళ మూడు గంటలకే అది. రాసి ఇవ్వకపోతే కేసు మూసేస్తానని ఆఫీసరు ముందే చెప్పాడు. ఏ రోజు ఎంతసేపు పొగ వచ్చింది, ఏ రోజు గౌరమ్మ కూలబడింది, అన్నీ ఎప్పటికప్పుడు టైపు చేసి పెట్టింది. ఇప్పుడు చేత్తో రాద్దామంటే అవేవీ ఎవరికీ గుర్తులేవు.

రిపేరు చేసే శశిధర్‌కు ఫోన్ కొట్టింది. ఫార్మాట్ చేస్తే బాగయిపోతుందన్నాడు. ఫైళ్ళ సంగతి అడిగింది. పోతాయన్నాడు. ఫోన్ పెట్టేసింది.

అప్పుడే గుమ్మం దగ్గర ఒకాయన నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి.

"అక్కా, మీతో ఒక మాట..."

"మాటలు తర్వాతప్పా. ఈ టార్చి పట్టుకో."

పట్టుకున్నాడు.

కాత్యాయనికి కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. పాడుచేసుకుంటూ, బాగుచేసుకుంటూ నేర్చుకుంది. సేఫ్ మోడ్‌లో తెరిచి చూసింది. నీలం. డబ్బా విప్పి కొత్త సౌండ్ కార్డు పీకేసింది. నీలం. హార్డ్ డిస్క్ వైరు మార్చింది. నీలం.

ఆయన మళ్ళీ ఏదో చెప్పబోయాడు. లైటు కొంచెం కిందికి పెట్టమంది.

గౌరమ్మ గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది. "ఆయుధ పూజ నాడు దీనికి నేను బాగానే చేసినానే తల్లీ. నువ్వు దుమ్ము దులిపేదానికి డబ్బా తెరిచి పెట్టి పోయింటివి. పైన రేకుకు పెడితే ఏమొస్తాదని, లోపల ఆ పచ్చ పలకలకే బొట్టు పెట్టినా."

కాత్యాయని చెయ్యి ఆగిపోయింది.

"తడి కుంకుమా?"

"పొడిది నిలుస్తాదా మరి?"

ఆయనకు నవ్వు ఆగలేదు. గౌరమ్మా నవ్వబోయి దగ్గులో పడింది. దగ్గు ఎంతకీ తెగలేదు. గోడ పట్టుకుని, ఊపిరి కోసం నోరు తెరిచింది. ఆయన టార్చి వదిలేసి పరుగెత్తాడు. వీపు నిమిరి, మెల్లగా నీళ్ళు పట్టించాడు.

"ఎప్పటినుంచి ఇలా?"

"ఆ పొగ మొదలైనప్పటినుంచీ," అంది కాత్యాయని, తల ఎత్తకుండా. "వాడు కాడుగోడిలో ఫ్యాను కింద పండుకోనుండాడు. ఈమె ఈడ చస్తా ఉండాది."

ఆయన నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. వచ్చి మళ్ళీ టార్చి పట్టుకున్నాడు.

ఆమె మెమరీ పలక బయటికి లాగింది. బంగారు రంగు అంచు మీద కుంకుమ గడ్డకట్టి ఉంది. పెన్సిలు రబ్బరుతో రుద్దింది. అది కూర్చునే గాడిలోని ఎర్రపొడిని ఆయన పాత టూత్‌బ్రష్‌తో దులిపాడు. పలక బిగించి స్విచ్ వేసింది.

మబ్బులు వచ్చాయి. ఈసారి మబ్బుల తర్వాత ఫైళ్ళు వచ్చాయి.

పండగ చేసుకునే తీరిక లేదు. ఫిర్యాదు ప్రింటుకు ఇచ్చింది.

కాగితాలు ఆయనే అందుకున్నాడు. నిలబడే మొత్తం చదివాడు. గౌరమ్మ ఆస్పత్రిలో పడిన రోజుల దగ్గర ఆగాడు. ఆ పేజీ రెండోసారి చదివాడు.

"అక్కా, సెంటరు డోర్ నంబరు తప్పు పడింది. ఇది మేడ మీద ఇంటిది. ఈ ఒక్క సాకుతో మీ ఫిర్యాదు కొట్టేస్తారు."

నంబరు దిద్ది మళ్ళీ ప్రింటు తీసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

"ఏదో మాట చెప్పాలంటివే?"

"ఆ మాట ఇప్పుడు చాలదక్కా," అని వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదే అనుకుంది. అనుకోవడానికి కూడా టైము లేదు.

మూడు గంటలకు ఆఫీసరు ఫిర్యాదు చదివాడు. వీరభద్రం ముందే వచ్చి ఇందులో ఉన్నదంతా నిజమని ఒప్పుకున్నాడని చెప్పాడు. సెంటరు లైసెన్సు రద్దు చేసి, ఆర్డరు మీద ముద్ర కొట్టాడు. కొట్లాటకు సిద్ధపడి వచ్చిన కాత్యాయని ఆ ముద్రను రెండుసార్లు చూసుకుంది.

"నిన్న ఫోన్లో నాతో వేరేగా చెప్పాడమ్మా," అన్నాడు ఆఫీసరు. "జనరేటరు తీసేస్తాను, ఆమెతో మాట్లాడి రాజీ చేసుకుంటాను, పొద్దున్నే షాపుకు పోతానన్నాడు. రాలేదా?"

"ఎవరూ రాలేదు సార్."

సంతకానికి రమ్మని గుమాస్తా వీరభద్రం పేరు పిలిస్తే, పొద్దున గౌరమ్మకు నీళ్ళు పట్టించిన మనిషి వెనక బెంచీ మీంచి లేచి వచ్చాడు.