వెనక్కి వెళ్లే దారి

భూమి ఊగడం ఆగింది. గోడ మీది క్యాలెండరు ఇంకా ఊగుతోంది.

నూకరత్నం ఫోన్ అందుకుంది. మాయాబందర్ జెట్టీకి ఎదురుగా ఉన్న హెచ్చరికల గదిలో ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే డ్యూటీలో ఉంది. ఆ గదికీ సముద్రానికీ మధ్య ఒక రోడ్డు, ఒక టీ బడ్డీ. సముద్రాన్ని కనిపెట్టే ఆఫీసు సముద్రం ఒడ్డునే ఉండాలని ఎవరో పెద్దలు తీర్మానించారు.

సునామీ వచ్చి ఏడేళ్లయింది. అది పోతూ పోతూ దీవులకు కొన్ని ఆఫీసులు మిగిల్చి పోయింది. వాటిలో ఇదొకటి. భూకంపం వస్తే ఇక్కడి కంప్యూటరు జనం ఫోన్లకు మెసేజ్ పంపాలి. పాత సర్వీసు సహాయ శిబిరాల నాడు రాసుకున్న నంబర్లకు, ఇంగ్లీషులో పంపుతుంది. ఆ నంబర్లలో చాలావరకు ఎప్పుడో మూగబోయాయి.

కొత్త సర్వీసు అలా కాదు. తెలుగులో, హిందీలో, బెంగాలీలో మాట్లాడుతుంది. జెట్టీ మీద, బజారులో మైకులు పెట్టి అరుస్తుంది. రెండు వేల కొత్త నంబర్లు నూకరత్నమే గడప గడపకూ తిరిగి రాసుకొచ్చింది. జెట్టీలో చేపలమ్మే తన తల్లి కనకలక్ష్మి నంబరు కూడా అందులో ఉంది. మూడుసార్లు పరీక్షించారు. పనిచేసింది. ఒక్క మీట నొక్కితే కొత్తది వాడుకలోకి వస్తుంది.

ఆ మీట నొక్కాలంటే సత్యారావు అనుమతి కావాలి.

సత్యారావు మార్పుల అధికారి. సర్వీసులో ఒక చుక్క మార్చాలన్నా ఆయన సంతకం పెట్టి అనుమతి సంఖ్య ఇవ్వాలి. మార్పులను అదుపులో పెట్టడం ఎలాగో పోర్ట్ బ్లెయిర్‌లో వారం రోజులు నేర్చుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మార్పునూ జరగనివ్వలేదు. నూకరత్నం పెట్టిన ఫారం మూడు నెలల్లో నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి సిరా రంగు నచ్చలేదు. ఒకసారి మూడు కాపీలు చాలలేదు. ఒకసారి ఆయన పేరుకు ముందు 'శ్రీ' లేదు. నాలుగోసారి ఎందుకో ఆయనకే గుర్తులేదు.

ఇప్పుడు ఆయన సెల్‌ఫోన్ కలవడం లేదు. ఇరవై నిమిషాలుగా కలవడం లేదు.

తెర మీద పాత సర్వీసు తన లెక్క తాను చూపిస్తోంది. పంపినవి నూట పన్నెండు. అందినవి తొమ్మిది.

కిటికీలోంచి చూసింది. జెట్టీ పక్కన నీళ్లు వెనక్కి తగ్గాయి. రెండు పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. వాటికి నాలుగడుగుల దూరంలో కనకలక్ష్మి చేపల మీద నీళ్లు చల్లుకుంటోంది.

ఎట్టకేలకు ఫోన్ కలిసింది.

"సార్, కొత్త సర్వీసు మొదలెట్టేస్తాను సార్. అనుమతి నంబరు చెప్పండి."

"కైసా మొదలెడతావ్?" అన్నాడు సత్యారావు. గొంతు నిదానంగా, ధీమాగా ఉంది. "పాతది నిక్షేపంగా పనిచేస్తోంది. నాకు మెసేజ్ వచ్చిందిగా."

"మీకొచ్చింది సార్. జెట్టీ మీదోళ్లకి రాలేదు. నీళ్లు లాగేస్తన్నాయి సార్!"

"అందుకే కంగారు పడకూడదు బేటీ. నీ ఫారంలో వెనక్కి వెళ్లే దారి రాయలేదు. రేపు ఈ మార్పు బెడిసికొడితే వెనక్కి ఎలా వెళ్తాం? ముందది రాయి."

"సార్, మా అమ్మ అక్కడే..."

"అందరికీ అమ్మలున్నారు. ప్రొసీజర్ అంటే ప్రొసీజర్. ఆపరేటర్ అన్నవాళ్లు కుర్చీ వదలకూడదు. నేను వదిలానా? కూర్చున్న చోటు నుంచి కదిలానా? కాస్త ధైర్యం నేర్చుకో!"

ఫోన్ పెట్టేశాడు.

నూకరత్నానికి సిగ్గేసింది. జెట్టీ రోడ్డు చివర ఆయన ఆఫీసు కూడా నీళ్ల పక్కనే. అంతటి మనిషి సీటుకు అతుక్కుని కూర్చుంటే తనకెందుకీ వణుకు? మళ్లీ కిటికీ వైపు చూసింది. సిగ్గు పోయింది.

తెర మీద 'అనుమతి సంఖ్య' అన్న గడిలో తన రేషన్ కార్డు నంబరు కొట్టింది. మూడు నెలలు సంతకం కోసం అలమటించిన కంప్యూటరు మారుమాట లేకుండా ఒప్పుకుంది.

మీట నొక్కింది.

జెట్టీ మీది మైకు మూడు భాషల్లో గొంతు చించుకుంది. బజారు మైకు అందుకుంది. కనకలక్ష్మి బుట్ట అక్కడే పడేసి, చీర ఎగ్గట్టి కొండ దారి పట్టింది. ఆమె వెనక జెట్టీ మొత్తం కదిలింది. ఆఖరి మనిషి మలుపు దాటేదాకా నూకరత్నం కుర్చీ వదల్లేదు. తర్వాత తనూ పరుగెత్తింది.

అల మరీ పెద్దదేం కాదు. జెట్టీ మీదకెక్కి, చేపల బుట్టలన్నీ ఊడ్చుకుని, హెచ్చరికల గదిలో మోకాలి లోతు నిలిచింది. మనుషులెవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

కొండ మీద నీళ్ల ట్యాంకు దగ్గర జనం కిక్కిరిసిపోయారు. తల్లి కనబడగానే నూకరత్నం ఆమెను వాటేసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. మైకులు అరిచినా సత్యారావు సీటు వదిలి ఉండడు. ప్రొసీజర్ మనిషి. ఆయన బతికుంటే తన ఉద్యోగం నిలవదని తెలుసు. అయినా సాయం కోసం జనంలోకి తోసుకుపోయింది.

ట్యాంకు కావలివాడు యర్రయ్య అందరికీ మగ్గుతో నీళ్లిస్తున్నాడు. అతని చెయ్యి పట్టుకుంది.

"తాతా, మా సత్యారావు సారు కింద సీట్లోనే ఉండిపోయారేమో! ఎవర్నైనా పంపించు తాతా!"

యర్రయ్య ఆమెను వింతగా చూశాడు.

"మీ సారా బేటీ? బూమి ఊగడం ఆగిన పావుగంటకే పెళ్లాం పిల్లల్ని జీపులో ఏసుకొచ్చేసి, అదిగో ఆ ట్యాంకు నీడన చాపేసుకుని కూకుని, కుర్చీ ఒదలొద్దని ఎవుర్నో ఫోన్లో ఒకటే కేకలు."