ఒక్క చుక్కా తాగని కారు

“కొత్త టర్బో ఇంజిన్ కదండీ, మొదట్లో ఆయిల్ కాస్త తాగుద్ది. చూసుకుంటా ఉండండి,” అన్నాడు ఏలూరు షోరూమ్‌లో మెకానిక్.

అందుకే హేమంత్‌కుమార్ చీకట్లో కొల్లేరు గట్టు మీద కారు ఆపాడు. కాలు ఆనిస్తే చాలు, బాణంలా దూసుకొచ్చిన బండి! ఇంజిన్ ఆపి, కాసేపాగి, సెల్‌ఫోన్ వెలుతురులో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తుడిచి, ముంచి, లాగి చూశాడు. బయల్దేరేటప్పుడు గీత దగ్గరున్న ఆయిల్ ఇప్పుడు గీత దాటి, తేనెలా మెరుస్తోంది.

“ఇందూ, తాగడం మాట అటుంచు, పెరిగింది! ఎంత బంగారుతల్లో!” అన్నాడు మురిసిపోతూ.

లోపల భార్య ఇందుజ రెండో నీళ్ల సీసా ఖాళీ చేసింది. “ఏవండీ, ఇది ఎక్కిన దగ్గర్నుంచీ నాలుక పిడచకట్టుకుపోతోందండీ.”

“కారు తాగాల్సింది కూడా నువ్వే తాగేస్తున్నావు!”

ఆమె నవ్వలేదు. “నేను దిగిపోతానండీ. తలుపు రావట్లేదు.”

హేమంత్ వెళ్లి బయటినుంచి లాగాడు. రాలేదు. గట్టు పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అద్దం వెనక ఇందుజ బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఎండిన పెదాలు “నీళ్లు” అని కదిలాయి.

తాళం అతని జేబులోనే ఉంది. ఇంజిన్ మాత్రం మెల్లగా, ఎంతో తృప్తిగా, తిరగడం మొదలుపెట్టింది.